అర్విల్లా కుట్టిన నడిమి నక్షత్రం

ఒక ఏడాది సుడిగాలి వచ్చి అర్విల్లా గేరింగ్ దండెం మీద ఆరేసిన దుప్పట్లన్నీ ఎత్తుకుపోయింది. వారం తిరక్కుండా మడతలు పెట్టి మరీ తెచ్చి వరండాలో పెట్టి వెళ్ళింది. ఒక్క దిండు గలీబు మాత్రం తక్కువొచ్చింది. చెప్పింది అర్విల్లాయే కాబట్టి మా కాన్సాస్ గోధుమ చేల మధ్య దీన్ని ఎవరూ నమ్మలేదు, అలాగని ఎవరూ కాదనలేదు. కాదంటే ఆ గలీబు మీది పువ్వుల రంగు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఎనిమిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన మనిషి. ఎందుకని అడిగితే, "పంతులమ్మకి వచ్చిందంతా చెప్పేసింది. ఇంకా కూర్చుంటే పాపం ఆవిడకే మొహమాటం" అంటుంది. అసలు సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె కాలు ఒకచోట నిలవదు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే బెంచీ కింద ఆమె బూటు, అక్కడ లేని కుట్టుమిషన్ని తొక్కుతూనే ఉంటుంది. ఉన్న మిషన్ తొక్కితే పక్క ఊళ్ళో ఆవులు పాలు ఎగబెట్టేవని ఆమె మొగుడు డెల్మర్ చెబుతాడు. ఆ ఇంట్లో కోతలు కోయడం ఒక్కరికే ఎందుకు దఖలు పడాలి?

అతుకుల బొంత కుట్టే వాళ్ళకి తెలిసిందే, ముక్కకి ముక్క కలిపేటప్పుడు అంచు నుంచి పావంగుళం లోపలికి కుట్టు పడాలి. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. మా ఆడవాళ్ళకి అది బైబిల్లోని పదికీ తోడు పదకొండో ఆజ్ఞ. అర్విల్లాకి మాత్రం స్కేలంటే నవ్వు. "నా కన్ను కంటే స్కేలా? దేవుడు నాకు కన్ను చేశాకే స్కేలు గీతలు పెట్టుకున్నాడు" అనేది. అనడానికి తగ్గట్టే ఆమె ఇంట్లో ఏ మంచం మీద బొంత చూసినా అంచులు సూటిగా, మూలలు పదునుగా ఉండేవి. అన్నీ ఒంటిచేత్తో కత్తిరించి ఒంటిచేత్తో కుట్టినవే.

అలా నడిచిపోయేదే, మనవరాలు మార్నాకి పెళ్ళి కుదరకపోతే.

పెళ్ళికూతురి బొంతకి అత్తలూ పిన్నులూ తలా ఒక చదరం కుట్టి తేవడం మా వాళ్ళ పద్ధతి. నట్టనడుమ ఉండే నక్షత్రం చదరం మాత్రం నానమ్మదే. అందులో ఇంటి పెద్దావిడ వేసుకున్న గౌను గుడ్డ పడాలి. డెల్మర్ వాళ్ళమ్మ నీలం గౌను ఒకటి మిగిలి ఉంది. దాన్ని డెల్మర్ అక్క బ్యూలా, కొత్తగా కొన్న చక్రం కత్తితో అందరి ముక్కలతోపాటు తనే కోసి, కాగితం సంచీలో పెట్టి పంపింది. అర్విల్లాకి అది మొదట్నుంచీ నచ్చలేదు. "పిజ్జా కోసే చక్రంతో మా అత్తగారి గౌను కోస్తుందా!" అని ఇల్లంతా తిరుగుతూ తిట్టింది. తిరుగుతూనే కుట్టింది. ఒక వరస కుట్టడం, లేచి కోళ్ళకి గింజలు చల్లడం, ఇంకో వరస కుట్టడం, లేచి కిటికీలోంచి మబ్బు చూడడం. అయినా ఒక్క పూటలో ముగించి, ఇస్త్రీ వేడి చల్లారకముందే బ్యూలా ఇంటికి పట్టుకెళ్ళింది.

బ్యూలా టేపు పెట్టి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"పదహారున్నర ఉండాలి కదే మరదలా. దాదాపు అంగుళం తక్కువుంది."

"టేపు సాగుంటుంది వదినా. మీ ఇంట్లో అన్నీ సాగేవేగా, మాటలతో సహా."

"టేపు సాగితే నీ చదరం ఇంకా చిన్నదన్నమాట" అంది బ్యూలా, మొహంలో గీత కదలకుండా.

అక్కడే ఉన్న మార్నా పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, దిగులుకో తెలీలేదు. బ్యూలా గొంతు తగ్గించింది. "పోనీలే, చుట్టూ తెల్ల పట్టీ వేసి కొలతకి తెద్దాం. గుడ్డ ఇంక పిసరు కూడా లేదు. రేపు భోజనాలయ్యాక బొంతని చట్రానికి బిగించేస్తున్నాం."

పట్టీ! బొంత నట్టనడుమ, పెళ్ళిమంచం మీద, తన నక్షత్రానికి దెబ్బ తగిలినట్టు తెల్ల కట్టు. ఇక చచ్చేదాకా వచ్చిన చుట్టాలందరూ అడుగుతారు. అర్విల్లా ఆ చదరం లాక్కుని, "రేపు భోజనాల వేళకి తెస్తాను. పట్టీ నీ మోకాలికి కట్టుకో వదినా" అనేసి గుమ్మం దాటింది.

ఇంటికొచ్చేసరికి డెల్మర్ కాఫీ తాగుతున్నాడు. చదరం బల్ల మీద కొట్టింది.

"మీ అక్క ముక్కలు చిన్నవి కోసింది. నిరూపిస్తా చూడు."

డబ్బాలోంచి తన అట్టముక్క తీసింది. ఓట్స్ అట్టపెట్టె కోసి ఆమె తల్లి చేసిన అచ్చు అది. అసలు అదే కూడా కాదు. అంచులు అరిగినప్పుడల్లా కొత్త అట్ట మీద పాత అట్ట పెట్టి, చుట్టూ పెన్సిలు గీసి, గీత బయట నుంచి కత్తిరించుకుంటూ వస్తే పుట్టిన, ఆ అచ్చు మనవరాలికి మనవరాలు. దాన్ని, బ్యూలా పంపిన సంచీ అడుగున కుట్టకుండా మిగిలిన ఒకే ఒక్క నీలం ముక్క మీద పెట్టింది. అట్ట నాలుగు వైపులా బయటికి పొడుచుకొచ్చింది.

"చూశావా! కోత తప్పు! ఇప్పుడే వెళ్ళి ఆవిడ మొహాన పెడతా!" అప్పటికే తలుపు దగ్గరుంది.

"ఆగవే తల్లీ" అన్నాడు డెల్మర్. కొట్టంలోంచి ఉక్కు స్కేలు తెచ్చాడు. ముక్క మీద పెట్టాడు, ఉండాల్సినట్టే సరిగ్గా రెండున్నర అంగుళాలు. అట్ట మీద పెట్టాడు. ప్రతి వైపూ వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎక్కువ. చదరం తిరగేసి కుట్టు మడత కొలిచాడు. అక్కడా పావంగుళం మీద వీసం ఎక్కువే.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కాఫీ ముక్కులోకెళ్ళి దగ్గు వచ్చినా ఆపలేదు. "నీ అట్ట ప్రతిసారీ పెన్సిలు గీతంత ఒళ్ళు చేసింది. దాని పొట్ట కప్పడానికి నీ కుట్టూ ఒళ్ళు చేసింది. పెద్ద ముక్క, పెద్ద మడత. ఇంతకాలం ఇద్దరూ కలిసి సరిపెట్టుకున్నారు. మా అక్క వచ్చి ఒకర్ని సన్నబరిచింది!"

అర్విల్లా తలుపు దగ్గర్నుంచి వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంది, కూర్చునే ఉంది. ఆ పూట కాన్సాస్‌లో గాలి కూడా ఆగి తొంగిచూసిందంటారు.

తర్వాత చేయవలసిన పని ఒక్కటే. కుట్లన్నీ విప్పాలి. పాత గుడ్డ, దారం లాగితే చిరిగేలా ఉంది. విప్పాక నిజమైన పావంగుళంతో మళ్ళీ కుట్టాలి. కొలిచి కుట్టడం ఈ మనిషి జన్మలో ఎరగదు. డెల్మర్ మడమకి వేసుకునే ప్లాస్టరు చుట్ట తెచ్చి, మిషన్ బల్ల మీద సూదికి పావంగుళం దూరాన ఒక పట్టీ అంటించాడు. "గుడ్డ అంచు దీన్ని రాసుకుంటూ పోవాలి. ఎక్కకూడదు, ఎడం కాకూడదు."

"మొత్తానికి పట్టీ వేయించారు కదా అక్కా తమ్ముడూ" అంది.

పొద్దున్నే కూర్చుంది. పెడలు మీద కాలు పెడితే మిషన్ దూకింది, గుడ్డ పట్టీ ఎక్కేసింది. విప్పింది. మళ్ళీ. ఫోను మోగితే లేచింది, మోగకపోయినా లేచింది. కోళ్ళకి గింజలు చల్లింది. చల్లినవి తినకముందే ఇంకోసారి చల్లింది. పొయ్యి మీది ప్లమ్‌పళ్ళ సూపు కలిపింది, ఉప్పు చూసింది. ఉప్పు వేసే వంటకం కాదది. గడియారం ముల్లు మాత్రం ఆమె కాలిని చూసి నేర్చుకున్నట్టు పరిగెత్తుతోంది. చివరికి బూటు విప్పేసి, ఉత్త పాదం పెడలు మీద పెట్టి, బొటనవేలొక్కటే వాడింది. టక్... టక్... టక్. అటు గోడ వెనక డెల్మర్, పెళ్ళాం చచ్చిపోయిందేమోనని తలుపు తీసి చూశాడు.

"చావలేదు. ఒక్కో కుట్టూ లెక్కపెడుతున్నా. తలుపు వెయ్యి."

భోజనాల వేళకి, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో అర్విల్లా వెళ్ళి బ్యూలా వాకిట్లో దిగింది. బల్ల మీద జ్వీబాక్ బన్నులు, కాఫీ. ఆడవాళ్ళందరూ చట్రం చుట్టూ చేరున్నారు. మిగతా చదరాలు పరిచి, నడుమ ఖాళీ వదిలి ఉంచారు. బ్యూలా టేపు తీసింది.

"పదహారున్నర" అంది.

"టేపు సాగలేదా వదినా?"

బ్యూలా కళ్ళద్దాలు సర్దుకుంది. నక్షత్రం మీదికి వంగింది. నీలం గుడ్డ మీద, ప్రతి కుట్టు పక్కనా, వీసం దూరంలో సన్నటి సూది బెజ్జాల వరస. పాత కుట్టు లోపలికి పడింది కదా, విప్పాక దాని జాడ పైకి తేలింది. అందరి తలలూ వంగాయి. మార్నా వేలు పెట్టి తడిమింది.

"నానమ్మా, ఇవేంటి?"

అర్విల్లా బూటు నేల మీద టకటకలాడింది. "చీమలు. మీ ముత్తవ్వ ఈ గౌను వేసుకుని పిక్నిక్‌కెళ్తే చీమలు వరస కట్టి నడిచాయి. ఎంత పద్ధతైన చీమలంటే, మూల వచ్చినప్పుడల్లా ఆగి తిరిగేవి. ఆ అడుగులే ఇవి."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళందరూ కుట్టు తెలిసిన వాళ్ళే. మార్నా బ్యూలా వైపు చూసింది.

బ్యూలా వేలు నాలుక మీద తడి చేసుకుంది. ఆ బెజ్జాల మీద గోరుతో అటూ ఇటూ మెల్లగా గీకింది. దారాలు సర్దుకుని, ఒక్కొక్క బెజ్జమే మూసుకుంది. ఒక వరస అంతా అయ్యాక తలెత్తింది.

"అవునమ్మా, చీమలే. మా అమ్మతోపాటు నేనూ వెళ్ళాను" అంది. "ఉతికితే మిగతావీ పోతాయి. రండి, ఎండ ఉండగానే బిగిద్దాం."

నక్షత్రాన్ని నడుమ పెట్టి కలిపి, అస్తరూ దూదీ వేసి చట్రం బిగించారు. అందరూ చుట్టూ కూర్చుని సూదులు తీశారు. అర్విల్లా నోరు విప్పింది, ఆ చీమల్లో ఒకదానికి ఫిడేలు వాయించడం వచ్చని. చట్రం కింద ఆమె బూటు మళ్ళీ మొదలైంది. దారాలన్నీ వణికాయి.

బ్యూలా కుడుతూనే, కిందికి చూడకుండా, తన బూటుకాలు ఆ బూటు మీద వేసి నొక్కిపట్టింది.