మావయ్య చెప్పలేని మాట

మా నాన్న అడిగిన ప్రశ్న చిన్నది. క్రీస్తు తన కోసం చనిపోయాడా, లేదా. అడిగింది మా మావయ్యని. అప్పటికి నాన్న మంచం పట్టి రెండో నెల. కడుపు కోసి చూసి, చేసేదేమీ లేదని మళ్ళీ కుట్టేసి ఇంటికి పంపేశారు. జంషెడ్‌పూర్‌లో మిల్లు వాళ్ళిచ్చిన సిద్ధగోరా క్వార్టరులో, ముందు గదిలో, కిటికీ పక్కన ఆయన మంచం. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం.

మావయ్య అమ్మకు తమ్ముడు. ఊరి నుంచి తీసుకొచ్చి తను పనిచేసే మిల్లులోనే పెట్టించింది నాన్నే. ఇక్కడికొచ్చాక అమ్మ, మావయ్య బాప్తిస్మం తీసుకున్నారు. నాన్న తీసుకోలేదు. వాళ్ళని వద్దనలేదు. ఆదివారం అమ్మని సైకిలు మీద అగ్రికో పేటలో ప్రార్థన కూడిక జరిగే ఇంటికి తీసుకెళ్ళేవాడు. అమ్మ లోపలికి వెళ్ళేది. ఆయన బయట సైకిలుకి ఆనుకుని బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు. తలుపు తీసే ఉండేది. పాటలూ ప్రసంగాలూ అన్నీ వినపడేవి. మిల్లులో తోటివాళ్ళు ఏడిపించేవారు.

"ఏటి గురూ, దేవుడి కాడ వాచ్‌మేన్ డ్యూటీయా?"

"లోపల సీటు ఖాళీ నేదురా" అనేవాడు నాన్న.

మంచం పట్టాక ఆ వేళాకోళం పోయింది. రాత్రిళ్ళు ఆ కూడిక పాటలే గొణుక్కునేవాడు. మావయ్య ఏ షిఫ్టయినా సరే, డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికి వచ్చి నాన్నకి ఒళ్ళు తుడిచి గడ్డం గీసేవాడు. అలా గీస్తున్నప్పుడే నాన్న అడిగాడు.

"ఏరా బామ్మర్దీ, బైబిలు తియ్యకుండా ఓ మాట సెప్పు. ఆయన సిలవెక్కింది నాకోసమేనేటి?"

రేజరు ఆగింది. "నమ్మితే నీకోసమే బావా."

"అది కాదు. నాను నమ్మకముందు సంగతి. ఆయన పేనం పోయినప్పుడు, ఆయన మనసులో నానున్నానా నేదా?"

మావయ్య రేజరు నీళ్ళలో ముంచి కడిగాడు. "అది ఆయనకే తెలుసు" అన్నాడు చివరికి.

"మరి రోజూ నువ్వెందుకు వత్తన్నావు, గెడ్డం గియ్యడానికా?"

"అదీ ఓ పనే గదా" అన్నాడు మావయ్య. ఇద్దరూ కొంచెం నవ్వారు. తరవాత నవ్వలేదు.

మావయ్య ఆ కూడికకు పెద్ద. ఆయన నమ్మింది ఇది: దేవుడు లోకం పుట్టకముందే కొందరిని ఏర్పరచుకున్నాడు, క్రీస్తు చనిపోయింది వాళ్ళ కోసమే. అందరి కోసమూ చనిపోయి ఉంటే, నశించిపోయినవాళ్ళ విషయంలో ఆ రక్తం వృథా అయినట్టే. దేవుడు చేసిన పని వృథా కాదు. దీంట్లో గట్టితనం ఉంది, నేను కాదనను. అయితే దాని వల్ల ఒక మనిషి ముఖం చూసి "నీకోసం చనిపోయాడు" అనడం ఆయనకు కుదరదు. ఏర్పరచుకున్న వాళ్ళెవరో ఆయనకు తెలియదు గనక.

అమ్మ మావయ్యని వంటింట్లోకి పిలిచింది. అక్కని ఆయన అప్పా అనేవాడు. నేను బియ్యం ఏరుతున్నాను.

"ఒక్క మాట గదరా. నోట్లోంచి రాదేటి నీకు?"

"అప్పా, తెలీని మాట సచ్చిపోతున్నోడికి సెప్తే పాపం."

"ఆ పాపం నాను మోత్తాను. నువ్వు సెప్పు."

"నువ్వు మొయ్యలేవప్పా. అందుకే గదా ఆయన మోసేడు."

అమ్మ చేతిలోని గరిట కింద పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం అమ్మే ఇంకొకరిని పిలిపించింది. ఆయన టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉండే ముసలి బోధకుడు, గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. క్రీస్తు ప్రతి మనిషి కోసమూ చనిపోయాడని ఆయన నమ్మకం. మావయ్యకీ ఆయనకీ ఇది పాత తగాదా. నాన్న మంచానికి చెరో పక్కా కూర్చున్నారు.

"లోకాన్ని ప్రేమించాడంటే లోకమంతటినీ ప్రేమించాడనే. అందులోంచి నువ్వు మనుషుల్ని ఏరెయ్యకు" అన్నాడు ముసలాయన.

"అందరి కోసమైతే అందరూ రచ్చణలో ఉండాల గదండీ. రచ్చణ రానోళ్ళ కోసం కార్చిన రగతం ఏటైపోయినట్టు?"

"అన్నం అందరికీ వండారు. తినకపోతే వండినవాడి తప్పా?"

"తింతారో నేదో తెలీకుండా వొండీవోడు దేవుడెలాగవుతాడండీ?"

నేను టీ పెట్టి తెచ్చాను. ఎవరూ ముట్టుకోలేదు. గొంతులు పెరిగాయి. పక్క క్వార్టరు ఆవిడ వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసి, పోయారనుకుని వచ్చానమ్మా అని గొణిగి వెళ్ళిపోయింది. నాన్న పైకప్పుకేసి చూస్తున్నాడు. కొంతసేపటికి చెయ్యెత్తాడు.

ఆయన అన్నది అర్థం కావాలంటే మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. శుభకార్యానికి పిలవాలంటే ఇంటికి రావాలి, బొట్టు పెట్టాలి, మనిషిని చూసి రమ్మని చెప్పాలి. అందరూ రండి అని అరిచి చెప్పింది పిలుపు కాదు. జంషెడ్‌పూర్‌లో ఇన్నేళ్ళున్నా నాన్న దీన్ని వదల్లేదు. ఒకసారి డిపార్ట్‌మెంటులో ఎవరిదో కూతురి పెళ్ళికి నోటీసు బోర్డు మీద కార్డు గుచ్చారు. అందరూ వెళ్ళారు. నాన్న ఇంట్లో పప్పూ అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు పెళ్ళి తండ్రి వచ్చి ఎందుకు రాలేదని అడిగితే, "నాకు సెప్పనేదు గదా" అన్నాడట. కోపంతో కాదు. నిజంగానే తనను పిలవలేదనుకున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు నాన్న, "మీరు అందరికీ అంటన్నారు. సబ్ కేలియే. అది బోర్డు మీద కార్డు. అందరికీ అన్నది నాకెలాగవుద్ది? ఈడు కొందరికే అంటన్నాడు. ఆ కొందరిలో నానున్నానో నేదో సెప్పడు. ఇంతసేపూ అరిసేరు, నా మొకం సూసి ఒక్కలూ పిలవలేదు."

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "నీకోసమే చనిపోయాడు నాయనా. నీకోసమే."

నాన్న ఆ చేతిని తొయ్యలేదు. "పిలుపు కాదండీ, అడిగి ఏయించుకున్న ఇస్తరాకిది" అన్నాడు. మావయ్య వైపు తిరిగాడు. "ఆయన మంచోరు, ఎవులికైనా సెప్తారు. నువ్వు సెప్పవు. నువ్వు సెప్తే నాకు నమ్మకం."

ఆ సాయంత్రం మావయ్య కుళాయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"చెప్పెయ్యి మావయ్యా."

"సెప్పేత్తాను. నమ్మకుండా సెప్పేనని బావకి తెల్దేటి? నా మొకం ఆయనకి నాకన్నా బాగా తెలుసు."

నేను అప్పటికే కాసిడీహ్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. దొరికిన పుస్తకాలన్నీ తెచ్చి చదివాను. రెండు పక్షాల వాళ్ళూ తెలివైనవాళ్ళే. ఒక పుస్తకం మూసేసరికి వీళ్ళది నిజమనిపించేది, ఇంకోటి మూసేసరికి వాళ్ళది. నాన్న దగ్గరికి తీసుకెళ్ళి చెప్పగల వాక్యం మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నేను చెబితే ఆయన నా తల నిమిరి ఊరుకునేవాడు. కూతురు అలాగే అంటుంది గదా.

తరవాత వారంలో నీళ్ళు కూడా దిగడం మానేశాయి. తడిగుడ్డతో పెదాలు అద్దేవాళ్ళం. ఒక ఉదయం మావయ్య డ్యూటీకి వెళ్ళకుండా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నాన్న ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"బావా. క్రీస్తు నీకోసం సచ్చిపోయేడు."

నాన్న కళ్ళు తెరిచి అతన్ని చాలాసేపు చూశాడు.

"నమ్మతన్నావేటి?"

మావయ్య పెదాలు కదిలాయి. గదిలో అమ్మ ఊపిరి నాకు వినపడుతోంది. అవునను, అవునను అని లోపల అనుకుంటున్నాను.

"తెల్దు బావా" అన్నాడు మావయ్య. "నిజివవ్వాలనుంది."

"పోన్లే. ఏడకు" అన్నాడు నాన్న. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

బాప్తిస్మం లేదు గనక కూడిక వాళ్ళ సమాధుల స్థలంలో చోటు లేదు. మిల్లులో మా వైపు వాళ్ళు వచ్చి దహనానికి సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్ళారు. పాడెకి ఒక పక్క మావయ్య భుజం పెట్టాడు. కూడికలో కొందరికి అది నచ్చలేదు. ఆయన పట్టించుకోలేదు. ఆ తరవాత ఆదివారాలు అమ్మ వెళ్ళేది గానీ, ప్రభువు బల్ల రొట్టె తన దాకా వచ్చినప్పుడు తీసుకోకుండా పళ్ళెం పక్కావిడకి అందించేసేది. తమ్ముడు చూస్తుండగానే.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు మావయ్య బడికి వచ్చాడు. గేటు దగ్గర తడిసి నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కూడికలో పెద్దరికం వదిలేశానని చెప్పాడు.

"నువ్వు సదూకున్నావమ్మా. ఒకటి సెప్పు. బావ ఆ కొందరిలో ఉన్నాడో నేదో నాకు తెల్దన్నాను. సరే. మరి నానున్నానని నాకెవులు సెప్పేరు? ఇన్నేళ్ళూ ఎలాగనుకున్నాను?"

అమ్మకి ఆ ప్రశ్న చెప్పావా అని అడిగాను.

"నేదు. మీ యమ్మకి ఇంకా ఒక్కడే పోయేడు. ఇది సెప్తే తమ్ముడూ పోతాడు" అన్నాడు.

బెల్లు కొట్టారు. పిల్లలు లోపలికి పరిగెత్తారు. నువ్వెళ్ళు, క్లాసుందిగదా అన్నాడు. నేను వెళ్ళలేదు. వాన పెద్దదయింది. ఇద్దరం అక్కడే నిలబడ్డాం.