పనికిరాని ఎముక

మీరెప్పుడైనా ఒక వాదంలో పూర్తిగా గెలిచి, ఆ గెలుపు మీద కూర్చోలేక పదిహేను రోజులు బోర్లా పడుకున్నారా?

నేను పడుకున్నాను. ఆరేళ్ళ క్రితం, మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, దిండు కరుచుకుని, ఒడ్డున పడ్డ మొసలిలాగా. ఆ మొసలి కథే ఇది. ముందే చెబుతున్నాను, ఇందులో నాకు తగిలిన దెబ్బ చిన్నది. నేను కొట్టిన దెబ్బ పెద్దది. నవ్వాలనుకుంటే చిన్నదాని దగ్గరే నవ్వేయండి, తర్వాత వీలుపడదు.

నా పేరు ప్రసాద్. నాస్తికుడికి ఆ పేరేమిటని అడగకండి, పెట్టేముందు నన్నెవరూ సంప్రదించలేదు. హైస్కూలు రోజుల నుంచే హేతువాద సభల్లో మైకు పట్టుకున్నవాణ్ణి. చేతబడి, జాతకం, వాస్తు, ఏది ఎదురొచ్చినా వదిలేవాణ్ణి కాదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక కూడా ఆ వేడి తగ్గలేదు. లిఫ్ట్‌కి నిమ్మకాయ కడితే ఆ నిమ్మకాయతోనే వాదం పెట్టుకునే రకం.

మా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం సరదా కార్యక్రమాలు ఉండేవి. ఒకవారం అంత్యాక్షరి, ఒకవారం బిర్యానీ పోటీ. ఒకవారం నేను పట్టుబట్టి చర్చ పెట్టించాను. ‘జీవం ఎలా వచ్చింది? పరిణామమా, సృష్టా?’ సృష్టి పక్షాన మాట్లాడేది అకౌంట్స్ మేనేజర్ సత్యనారాయణ గారు. భీమవరం మనిషి, నుదుట బొట్టు, నోట ‘అండి’. పరిణామం పక్షాన నేను. గెలవాల్సింది డార్విన్ అయినా, చప్పట్లు నాకే పడాలన్నది నా ఏర్పాటు.

ఇక్కడ మీకు యాదమ్మను పరిచయం చేయాలి. మా నాలుగో అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసేది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఊరు నాగర్‌కర్నూల్ వైపు, ఉండేది చందానగర్‌లో. ఆ చర్చకు వారం ముందు ప్యాంట్రీలో నేను కాఫీ కలుపుకుంటుంటే, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, మెషిన్ వెనక నుంచి ఒక పుస్తకం తీసింది. పదో తరగతి సైన్సు పుస్తకం. దాని మీద పాల ప్యాకెట్ కత్తిరించి అట్ట వేసుకుంది.

“సార్, ఎవ్వరికి చెప్పకుండ్రి. ఓపెన్ స్కూల్ల పది కట్టిన. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితున్నదంట. పది పాసైనోళ్ళకే ఇస్తరంట. అన్ని పాఠాలు ఎట్లనో సదువుతున్న గానీ, గీ పరిణామం పాఠం మాత్రం ఎక్కుతలేదు. జర సమజ్ చేసి చెప్తరా?”

పావుగంట పని. ఆ పావుగంట నా దగ్గర ఉంది కూడా. కానీ ఒక్క మనిషికి చెబితే చప్పట్లు ఎవరు కొడతారు?

“శుక్రవారం చర్చకు రా యాదమ్మా. అక్కడ నేను మాట్లాడేది వింటే పాఠం మొత్తం వచ్చేస్తుంది.”

“నేను రావొచ్చునా సార్, గంత పెద్దోళ్ళల్ల?”

“సైన్సు అందరిదీ!” అన్నాను, గోడ మీద రాసి పెట్టదగ్గట్టుగా.

వచ్చింది. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా వచ్చి, కెఫెటీరియాలో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పుస్తకం కొంగులో ఉంది. అట్ట అంచు నాకు కనబడుతూనే ఉంది.

సత్యనారాయణ గారు మొదలుపెట్టారు. “చూడండి బాబూ, మనమంతా కోడ్ రాసేవాళ్ళం. రాసేవాడు లేకుండా కోడ్ వస్తుందాండీ? మన ఒంట్లో ప్రతి కణంలోనూ కోడ్ ఉందని మీ సైన్సే చెబుతోంది కదా. మరి దాన్ని రాసినవాడు ఒకడు ఉండొద్దాండీ?”

చప్పట్లు మోగాయి. నేను లేచాను.

“మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా చూశారా? పదిహేనేళ్ళుగా వచ్చినవాడల్లా ఒక అతుకు వేసిపోయాడు. ఎవడు ఎందుకు రాశాడో ఎవడికీ తెలియదు. ఏ మహానుభావుడూ కూర్చుని గీసిన డిజైన్ కాదది. మన శరీరమూ అంతే! పనికొచ్చిన అతుకు నిలిచింది, పనికిరానిది పోయింది. అదే పరిణామం.”

కెఫెటీరియా హోరెత్తింది. నా ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. అది కూడా పరిణామమే అనుకున్నాను.

“ఎవరికైనా ప్రశ్నలున్నాయా?” అని రాజుగారిలా చెయ్యి ఊపాను.

వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. రబ్బరు గ్లవ్ మడత గుర్తు ఇంకా పోని చెయ్యి.

“సార్, నాకొక డౌట్ ఉన్నది. కోతుల నుంచి మనుషులైనరంటున్రు గద. మరి గిప్పుడున్న కోతులెందుకు మనుషులైతలేవు?”

అంతమంది ఇంజనీర్లున్న గదిలో అడగదగ్గ ప్రశ్న ఒక్కటే వచ్చింది, అదే ఇది. లోకంలో చాలామంది చదువుకున్నవాళ్ళు మనసులో ఉంచుకుని పైకి అడగలేని ప్రశ్న. నిజమైన హేతువాది అయితే ఆ క్షణం వాదం ఆపి, ఆమె దగ్గరకు వెళ్ళి, దండం పెట్టి సమాధానం చెప్పేవాడు.

నేనేమన్నానో తెలుసా?

“వాటికి ఓపెన్ స్కూల్లో సీటు దొరకలేదేమో యాదమ్మా!”

ఎంత నవ్వారంటే, ముందు వరుసలో ఒకాయన చేతిలో టీ కప్పు కిందపడి ముక్కలైంది. రెండు నిమిషాల దాకా ఎవరికీ నవ్వు ఆగలేదు. యాదమ్మ కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగులోంచి పుస్తకం ఎప్పుడు మాయమైందో నేను చూడలేదు.

తర్వాత ఆమె ఏం చేసిందో చూశాను. మాప్ తెచ్చింది. నా జోకుకు ఒలికిన టీని తుడిచింది, కప్పు ముక్కలు ఏరింది, ‘నేల తడిగా ఉంది’ అన్న పసుపు బోర్డు పెట్టింది. డ్యూటీ అయిపోయిన మనిషి.

సత్యనారాయణ గారు మాత్రం నవ్వలేదు. “సరేనండీ ప్రసాద్ గారూ, ఆవిడకు జవాబు చెప్పలేదు, పోనీ నాకు చెప్పండి. మొట్టమొదటి కణం ఎలా వచ్చిందండీ?”

దానికి నిజాయితీగల జవాబు ఉంది. ‘ఇంకా పూర్తిగా తెలియదండీ, వెతుకుతున్నారు.’ ఇంత చిన్న వాక్యం. సైన్సుకు బలమే ఆ వాక్యం. కానీ గెలుస్తున్నవాడి నోట ‘తెలియదు’ అన్న మాట పలుకుతుందా? అందుకని వెన్ను చూపి పారిపోయాను. అక్షరాలా వెన్ను చూపాను.

“కణం సంగతి తర్వాత! ముందు దీని సంగతి చెప్పండి!” అని సభకు వీపు చూపించి, నడుం కింద చేత్తో తట్టాను. “తోకెముక! తోక ఊడిపోయి కోట్ల ఏళ్ళయింది, మొదలు మాత్రం మిగిలింది. బుద్ధి ఉన్న డిజైనర్ ఎవడైనా పెడతాడా దీన్ని? ఇది డెడ్ కోడ్, వాడకం పోయినా తీయకుండా వదిలేసిన కోడ్! పూర్తిగా పనికిరాని ఎముక! రేపు తీసి పారేసినా ఏమీ కాదు!”

అని, తోక ఆడించే కోతిలా వెనక్కి రెండు గంతులు వేశాను.

“సార్, తడి ఉన్నది! జర ఆగుండ్రి!” అని యాదమ్మ కేక వేసింది.

“భయపడకు యాదమ్మా, రెండు కాళ్ళ మీద నిలబడడం మా జాతి ఎప్పుడో నేర్చుకుంది!”

మూడో గంతు వేశాను. అది గాల్లో మొదలై, పసుపు బోర్డు పక్కన, సరిగ్గా ఆ పనికిరాని ఎముక మీద ముగిసింది.

నేను చేసిన శబ్దం ఏ జాతిదో సభలో ఎవరూ పోల్చుకోలేకపోయారు.

సత్యనారాయణ గారే తన కారు వెనక సీట్లో నన్ను బోర్లా పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నేను గావుకేక పెడితే, ఆయన వెనక్కి తిరిగి, “సృష్టికర్త దయామయుడండీ, మెల్లగానే పోనిస్తున్నాను” అన్నారు. ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, “పగులొచ్చింది” అంది.

“అది పనికిరాని ఎముకే కదండీ?” అన్నాను, మంచం మీద బోర్లా పడి కూడా వాదం వదలకుండా.

“ఎవరు చెప్పారు? తోక నుంచి మిగిలిందే, కాదనను. కానీ కింది కండరాలు దాన్నే పట్టుకుని ఉంటాయి. వెనక్కి వాలి కూర్చుంటే మీ బరువు మోసేది అదే. పాత పని పోయింది, కొత్త పని దొరికింది. పరిణామం అంటే అదే కదా, మీకు తెలియదా?”

మా ఆఫీసులో డెడ్ కోడ్ అని ఎవడైనా ఏదైనా పీకేసిన ప్రతిసారీ మర్నాడు బిల్లింగ్ మొత్తం కూలిపోయేది. అది తెలిసినవాణ్ణే. బోర్లా పడుకున్న ఆ పదిహేను రోజుల్లో అది గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు. ఎముక నొప్పికైతే మాత్రలున్నాయి, ఆ నవ్వుకు లేవు.

ఆ పదిహేను రోజులూ గడిచాక సోమవారం, సత్యనారాయణ గారు కొనిచ్చిన గారెలాంటి గుండ్రటి దిండు చంకలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. నేరుగా ప్యాంట్రీకి నడిచాను. యాదమ్మ సింకు కడుగుతోంది. నా నడక చూసింది.

“పనికిరాని ఎముకన్నరు గద సార్. మరి గిట్ల కుంటుతున్రేంది?”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నవ్వింది కదా అని నాకు ధైర్యం వచ్చింది.

“యాదమ్మా, ఆ రోజు నువ్వడిగిన దానికి జవాబు చెప్తాను. ఇప్పుడున్న కోతుల నుంచి మనం రాలేదు. ఎప్పుడో ఒక పాత జాతి ఉండేది. దాంట్లోంచి ఒక కొమ్మ అటు వెళ్ళి కోతులైంది, ఒక కొమ్మ ఇటు వచ్చి మనమైంది.”

ఆమె స్క్రబ్బర్ ఆపి ఆలోచించింది.

“అంటే మా తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దనాయిన పిల్లలు ఊర్లనే ఉన్నరు, మేం పట్నం వచ్చినం. మేం వచ్చినమని వాళ్ళు లేకుండ పోతరా? గంతేనా సార్?”

“అంతే! అచ్చంగా అంతే!” ఇరవై ఏళ్ళుగా నేను ఏ సభలోనూ ఇంత బాగా చెప్పలేదు. “పరీక్షలో ఇలాగే రాసెయ్. ఎప్పుడు సైన్సు పరీక్ష?”

“అయిపోయింది సార్. పోయిన మంగళారం.”

“ఎలా రాశావ్?”

“పోలే.”

“ఎందుకు?”

“గా పాఠంల నుంచి ప్రశ్న వస్తే ఏం రాయాలె సార్? కోతులకు సీటు దొరకలేదని రాయాల్నా?” అని మళ్ళీ నీళ్ళు వదిలింది. “ఆడ అందరికి తెల్సిపాయె నేను పది కట్టిన్నని. లిఫ్ట్‌ల ఎక్కితే ‘సీటు దొరికిందా యాదమ్మా’ అంటున్రు. సూపర్‌వైజర్‌గ వేరేటోళ్ళని తీసుకున్నరు. పోనియ్‌రి, ఫికర్ చెయ్యకుండ్రి.”

“మళ్ళీ పరీక్షలు ఉంటాయి కదా. రోజూ పావుగంట నేను చెప్తాను.”

“పుస్తకం మా వదిన బిడ్డకిచ్చేసిన సార్.”

కాఫీ మెషిన్ వెనక్కి చూశాను. పుస్తకం ఉండే చోట చేతి తుడుపు కాగితాల కట్ట ఒకటి ఉంది.

పరిణామం ముమ్మాటికీ నిజం. ఇవాళ్టికీ ఏ వేదిక మీదైనా నిలబడి అదే చెబుతాను, రుజువులు కుప్పలుగా ఉన్నాయి. అయితే ఆ శుక్రవారం నేను చేసింది నిజం చెప్పడం కాదు, నిజం తెలుసుకోవడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషిని గుమ్మంలోంచి తరిమేయడం. ఏ పూజారైనా చేస్తే మైకు పట్టుకుని తిట్టేవాణ్ణి, ఆ పని నేనే చేశాను.

అందుకని, పగిలి అతుక్కున్న నా తోకెముక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ప్రశ్నకూ నవ్వుతో జవాబివ్వను. తెలియనిది తెలియదంటాను. తడి నేల మీద గంతులు వేయను.

మీ సంగతి చెప్పండి. మీరు నవ్వి నోరు మూయించిన ప్రశ్న ఒకటి ఉండే ఉంటుంది. అడిగిన మనిషి పేరు కూడా ఈపాటికి గుర్తొచ్చి ఉంటుంది. పుస్తకం ఇంకొకరి చేతికి పోకముందే ఆ మనిషి దగ్గరకు వెళ్ళండి. జవాబు చెప్పండి. తెలియకపోతే పక్కన కూర్చుని ఇద్దరూ వెతకండి. ఇది చదివేసి మళ్ళీ వెనక్కి వాలకండి. ఆ ఎముక బాగున్నప్పుడే లేవండి.