ఆయన ఇచ్చింది సమయమట

తీరంలో తుపానుకు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయిన ఏడాది, బాధితులకు విరాళాలు పోగుచేయడానికి మద్రాసు నుంచి ఒక పెద్ద సినిమా హీరో బయలుదేరాడు. తిరుపతికి పోతూ మా ఊరు నగరిలో ఆగాడు. నేనప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను.

మా నాయన షావుకారుకు కూలికి లుంగీలు నేసేవాడు. అమ్మ నూలు చుట్టేది. ఊరందరికీ బట్ట నేసే ఇంట్లో అమ్మ ఒంటిమీద ఎప్పుడూ వెలిసిన చీరే. షావుకారు పని ఇవ్వక మగ్గం ఖాళీగా ఉన్న రోజుల్లో, నాయన ఆమె కోసం ఎర్రంచు చీర ఒకటి నేశాడు. అమ్మ దాన్ని రెండుసార్లు కట్టిందేమో, అంతే.

హీరో లారీ మా వీధి మొదట్లో ఆగింది. తెల్లబట్టలు, నల్లద్దాలు, మెడనిండా దండలు. "మీకు ఎంతో ఇష్టమైనది ఇవ్వండి" అన్నాడు మైకులో. అమ్మ గబగబా ఇంట్లోకి పోయి ఆ చీర పట్టుకొచ్చింది.

"ఉండేది అదొకటే గదమే!" అన్నాడు నాయన.

"ఆడ ఆడోళ్లు కట్టుగుడ్డల్తో మిగిలినారంట. నాకింకా రెండు పాతవి ఉండాయి గదా" అని అమ్మ చీర పైకి అందించింది.

హీరో దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఫోటో సరిగా పడలేదని కెమెరా అతను అన్నాడు. హీరో మళ్లీ కళ్లకద్దుకున్నాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపు.

నాకు ఒళ్లు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ లారీ దగ్గరికి పోయి అడిగేశాను.

"సార్, మీరేమిచ్చినారు?"

ఆయన నవ్వాడు. "నా సమయం ఇస్తున్నాను తల్లీ. మూడు రోజులు షూటింగు మానుకుని వచ్చాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో ముసలాయన నా భుజం పట్టి లాగాడు. "దేవుడట్లాంటోణ్ణి అడిగే మాటేనా పాపా అది?"

మగ్గం ఆగితే మాకు కూలి ఆగుతుంది. ఆ పూట మా వీధి మొత్తం మగ్గాలు ఆపుకుని, ఆయన వస్తాడని ఎండలో నిలబడింది. మా సమయాన్ని మాత్రం ఎవరూ విరాళం అనలేదు. ఉన్న ఒక్క మంచి చీర ఇచ్చిన మనిషి జనంలో కలిసిపోయింది. బంగళాలూ కార్లూ ఉన్న మనిషి దండలు వేయించుకుని పోయాడు. ఉన్నవాడు ఎక్కువ ఇవ్వాలని చెప్పడానికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు. సిగ్గుంటే చాలు.

సెలవులైపోయి హాస్టలుకు వచ్చాక కూడా కోపం తగ్గలేదు. ఆయనకు ఉత్తరం రాశాను. మీ సొంత సొమ్ములోంచి ఏమిచ్చారో చెప్పండి, తప్పుగా మాట్లాడి ఉంటే క్షమాపణ అడుగుతాను అని. నెల తర్వాత జవాబు వచ్చింది. కవరులో ఆయన నవ్వుతున్న ఫోటో, కింద సంతకం. ఒక్క ముక్క రాత లేదు. హాస్టల్లో అమ్మాయిలు దానికోసం కొట్లాడుకున్నారు. నేను చింపేశాను.

ఇంటికి పోయినప్పుడు అమ్మకు చెబితే ఆమెకు కోపం రాలేదు. "ఆయప్ప ఇచ్చేది ఆయప్ప ఇష్టం. నేను ఆయప్పకిచ్చినానా ఏమి?" అంది. నా కోపం మాత్రం ఈనాటికీ ఉంది.

ఆ వేసవిలో ఆయన కొత్త సినిమా మా ఊరికి వచ్చింది. నేను పోలేదు. అమ్మ వీధి ఆడవాళ్లతో కలిసి పోయింది. బాగుందని చెప్పింది.