నా పళ్లెంలో మూలుగ బొక్క

మొన్న ఉప్పల్‌లో మా మేనకోడలి పెళ్లయిన మర్నాడు, మెట్రో స్తంభాలకు ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాల్లో దావత్ పెట్టారు. బంతిలో కూర్చుని నేను ఇంకా అన్నం కలపనైనా కలపలేదు, మా తమ్ముడి అత్తగారు మాంసం కూర గిన్నె పట్టుకుని వచ్చి, ఏరి మరీ ఒక పెద్ద మూలుగ బొక్క నా పళ్లెంలో వేసి, చుట్టూ ఉన్న నలుగురికీ వినబడేటట్టు, "తిను బిడ్డా, మా అల్లునికి నీ బొక్కలల్ల మూలుగ తీసిచ్చిన తల్లివి, నీకు గాక ఇంకెవ్వలకేస్త?" అన్నది. అందరూ మెచ్చుకోలుగా నావైపు చూశారు. నాకు మాత్రం ఆ బొక్క ముట్టబుద్ధి కాలేదు. ఇదే నోటితో, ఇదే మూలుగ గురించి, పన్నెండేళ్ల కింద ఆమె ఏమన్నదో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను. పెద్దవాళ్ల మాట మింగి ఊరుకోవడమే మర్యాద అని నేర్చుకున్న నా ఈడువాళ్లకు ఈ రోత అర్థమవుతుందనే ఇది రాస్తున్నాను.

నేనూ తమ్ముడూ అమ్మతో కలిసి భువనగిరి దిక్కు నుంచి నాచారం వచ్చి రేకుల గదిలో దిగేనాటికి నాకు పందొమ్మిది, వాడికి పన్నెండు. నాకు మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది, పెద్దయ్యాక వాడు రెండు గల్లీల అవతల ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద కుదిరాడు. వాన పడితే మురికి నాలా పొంగి మా గల్లీ అంతా కుళ్లిన మందుల కంపు కొట్టేది, ఆ కంపులోనే అన్నాలు తినేవాళ్లం, చుట్టాలు వస్తే మాత్రం అగరొత్తులు ముట్టించేదాన్ని. నా పని ఏమిటంటే, బెల్టు మీద కదిలి వచ్చే మాత్రల పట్టీలను చూస్తూ కూర్చుని, ఖాళీ గుంట కనిపించినా విరిగిన మాత్ర కనిపించినా తీసి ఎర్ర డబ్బాలో పడేయడం. దాన్ని రిజెక్టు అనేవాళ్లం. బయటికి పోయిన సరుకు ఎప్పుడైనా తిరిగొస్తే, దాని మీది నంబరును బట్టి ఆ రోజు బెల్టు దగ్గర ఎవరు కూర్చున్నారో పట్టుకుని, సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టేవాడు. కొన్నవాడిది తప్పు అన్న మాటే ఆ కంపెనీలో ఎవరూ ఎరగరు. ముప్ఫై ఏళ్లు చేశాక ఆ పద్ధతి నా ఒంటికి పట్టేసింది.

తమ్ముడికి నలభై దాటిన కొత్తలో ఊరికే ఆయాసం రావడం, తగిలినా తగలకపోయినా ఒంటి మీద కమిలిన మచ్చలు పడటం మొదలై, ఒక దవాఖానా నుంచి ఇంకో దవాఖానాకు తిరిగి తిరిగి, చివరికి రక్తానికి క్యాన్సరని తేలింది. మందులతో కొంత అణిగాక మూలుగ మార్పిడి చేయాలన్నారు. పరీక్షలు చేస్తే నాది సరిపోయింది. నాకు మత్తిచ్చి తుంటి ఎముకలో నుంచి సూదులతో లాగి తీశారు, వారం రోజులు పీట మీద కూర్చోలేకపోయాను. వాడిని అద్దాల గదిలో పెట్టి, నా మూలుగ వాడి ఒంట్లో పట్టుకునేదాకా మమ్మల్ని దూరం నుంచే చూడనిచ్చారు. కొన్ని నెలలకు వాడి రక్తం గ్రూపు మారిపోయి, ఓ పాజిటివ్ కాస్తా నా బి పాజిటివ్ అయింది. వాడి సంబరం ఇంతా అంతా కాదు. తిరిగి పనికి పోగానే గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డును పట్టుబట్టి కొత్త గ్రూపుతో మళ్లీ చేయించుకుని వచ్చి, "అక్కా, ఇగ నాకు కోపమొస్తే నన్ననొద్దు, గా రక్తం నీదే" అని నవ్వాడు.

కాలనీవాళ్లు నాకు శాలువా కప్పారు. తమ్ముడి అత్తగారు ప్రతి ఆదివారం మూలుగ బొక్కల పులుసు క్యారేజీలో పెట్టి పంపేది, నేను ఆ బొక్కలను పళ్లెం అంచుకు కొట్టి మరీ జుర్రుకుని తినేదాన్ని. పొగడ్త నాకు బాగా రుచించింది, ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఏడాదిన్నర తిరిగేసరికి రోగం మళ్లీ వచ్చింది. మళ్లీ మందులెక్కించి, ఈసారి నా రక్తంలోని తెల్లకణాలు తీసి వాడికి ఎక్కిద్దామని డాక్టర్ చెప్పి, ఫలానా రోజు రమ్మన్నాడు. సరేనని లిఫ్టు దగ్గరికి వస్తుంటే, మూల మీద తమ్ముడి అత్తగారు నా మరదలితో అంటున్న మాట చెవిన పడింది. "గామె మూలుగే మంచిగ లేదేమో బిడ్డా. ముప్పై ఏండ్లు గా మందుల కంపు పీల్చిన ఒళ్లు. మళ్ల గామె దగ్గరనే తీసుకునుడేంది?" మా మరదలు కాదనలేదు, తల వంచుకుని నిలబడింది. ఆ ఆదివారం నుంచి క్యారేజీ రావడం ఆగిపోయింది.

పెళ్లయినప్పటి నుంచి నేనుంటున్న ఉప్పల్ ఇంటికి వచ్చి ఫోను ఆపేశాను. రమ్మన్న రోజు పోలేదు, ఆ మర్నాడూ పోలేదు, అట్లా నాలుగు రోజులు. వాళ్ల మీద అసహ్యంతోనే పోలేదని మా ఆయనతో చెప్పాను, ఆయన నమ్మాడు కూడా. నిజం వేరే ఉంది. సరుకు తిరిగొచ్చింది, కాబట్టి తప్పు నాదేనని లోపల నేనే నమ్మేశాను. వాడికి ఇంకోసారి అదే సరుకు ఎట్లా పంపను? స్నానం చేసేటప్పుడు నా తుంటి మీది సూది మచ్చలు తడిమితేనే నా ఒళ్లు నాకు ఏవగింపుగా ఉండేది.

ఐదో రోజు పొద్దున తమ్ముడే వచ్చాడు. జనంలో తిరగొద్దని డాక్టర్ ఖచ్చితంగా చెప్పినా, మూతికి మాస్కు కట్టుకుని, నాచారం నుంచి ఉప్పల్‌కు ఆ దుమ్ములో, ఆ ఎండలో ఆటోలో వచ్చాడు. మా ఇంటి నీళ్లు కూడా తాగకూడదని కాచిన నీళ్ల సీసా వెంట తెచ్చుకున్నాడు. లోపలికి రాకుండా గడపలోనే కూర్చుని, జుట్టు రాలిన తల తుడుచుకుని, కొంచెం ఆయాసం తీరాక అన్నాడు. "డాక్టర్‌ను నేనే అడిగిన అక్కా. మళ్ల వచ్చిన రోగం నీ దాంట్లకెల్లి రాలేదంట, నా పాత రక్తంలనే ఏడనో దాసుకోని ఉండె. మెటీరియల్ మంచిదే. మిషనే కరాబున్నది." మాస్కు దించి సీసాలో నీళ్లు ఒక గుక్క తాగాడు. "బావ చెప్పిండు అంత. మా అత్త మాట ఇడువు. నువ్వు రాకుంటే నేనెవ్వల దగ్గరికి పోవాలె?" అన్నాడు.

చీర మార్చుకుని అదే ఆటోలో వాడితో బయల్దేరాను. రెండు చేతులకూ సూదులు గుచ్చి సగం పూట మిషన్ పక్కన పడుకోబెట్టారు. ఆ కణాలు ఎక్కించాక ఎనిమిది నెలలు వాడు మాకు దక్కాడు. అందులో కొన్ని వారాలు పనికి కూడా పోయి వచ్చాడు. తరువాత రోగం మూడోసారి తిరగబెట్టింది, ఇక ఆగలేదు.

నేను పోకుండా కూర్చున్న ఆ నాలుగు రోజుల వల్ల ఏమైనా తేడా పడిందా అని డాక్టర్‌ను మూడుసార్లు అడిగాను. లేదమ్మా అనే మూడుసార్లూ చెప్పాడు. అయినా నా రోత తీరలేదు. ఒంట్లో శక్తి లేనివాడు, తుమ్ము తగిలితే మంచాన పడేవాడు, నా తప్పు లేదని నాకు చెప్పడానికి అంత దూరం ఆటోలో రావలసి వచ్చింది. ముసలామె నోరు జారింది, సరే. నేను మాత్రం వాడి అక్కను.

ఇప్పుడు పోచారంలో ఐటీ పిల్లలు బుగ్గలో దూదిపుల్ల తిప్పించుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్లకు మూలుగ ఇవ్వడానికి పేర్లు రాయించుకుంటున్నారట. ఎవరిది ఎవరికి పోయిందో చాలాకాలం చెప్పరట. ఆ మాట విన్నప్పుడు ఎంత మంచి పద్ధతి అనుకున్నాను. వాళ్లకు శాలువా ఉండదు, పులుసు ఉండదు, లిఫ్టు పక్కన ఆ మాటలూ ఉండవు.

దావత్‌లో నన్ను వెతుక్కుంటూ మేనకోడలు బయటికి వచ్చింది. "తినకుంట లేచినవేంది అత్తా?" అని, నా పక్కన కూర్చుని, పర్సులో నుంచి వాళ్ల నాన్న గుర్తింపు కార్డు తీసి నా చేతిలో పెట్టింది. రోగం మళ్లీ వచ్చాక వాడి పాత ఓ గ్రూపు రక్తం తిరిగి కనిపించింది, కార్డులో గ్రూపు తప్పుంటే ప్రమాదం కదా, మార్పించుకొమ్మని నేనే ఒకసారి పోరాను. ఉండనియ్యి అన్నాడు, అంతే. ఆ వర్క్‌షాపు మూతపడి అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి కాబట్టి ఆ కార్డు చూపిస్తే తెరిచే గేటు కూడా ఇప్పుడు లేదు. రక్తం గ్రూపు అన్నచోట మాత్రం నాదే ఉంది.