కర్ర పడితే నాలుగు

పోయిన నెల రాజమండ్రి ఇండోర్ స్టేడియంలో చిన్నపిల్లల షటిల్ పోటీలు చూడ్డానికి వెళ్లి, ముక్కూమొహం తెలియని ఒకాయనతో గొడవ పెట్టుకుని వచ్చాను. మా చెల్లెలి కూతురు ఆడుతోందని వెళ్లాను గాని నా కళ్లు పక్క కోర్టు మీదే ఉండిపోయాయి. అక్కడ నీలం బనీను వేసుకున్న ఒక పిల్ల ఆడుతుంటే, వాళ్ల నాన్న కాబోలు, గీతకి జానెడు దూరంలో నుంచుని, పాయింటు పోయినప్పుడల్లా "పోయింది! మళ్లీ పోయింది! ఆరు పోయాయి!" అని కేకలు. ఆ పిల్ల దెబ్బ కొట్టే ముందు కాక్ వైపు కాకుండా ఆయన వైపు చూస్తోంది. మూడోసారి అలా చూసేసరికి ఉండబట్టలేక లేచి వెళ్లి, "ఏవండీ, పోయిందని ఆ పిల్లకి తెలీదాండీ? మీరు కాసేపు నోరు మూసుకుంటే రాసుకునేవాళ్లు రాసుకుంటారు కదా" అన్నాను. "మీరెవరండీ మధ్యలో?" అన్నాడాయన. నేనెవరో చెప్పడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి ఇంకాస్త గట్టిగా అరిచాను. నిర్వాహకులు వచ్చి, నన్నే మర్యాదగా బయటికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా చెల్లెలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సర్లెండి, ఆవిడకి చెప్పనిది మీకు చెబుతాను.

తొంభైల మధ్యలో మాట. మా పెదనాన్న సైన్యంలో గుర్రాల రెజిమెంటులో దఫేదారుగా పనిచేసి, రిటైరయ్యాక ఆత్రేయపురం దగ్గరి మా ఊరికి వచ్చేశారు. అన్నేళ్లు జీను మీద కూర్చున్న మనిషి కాబట్టి రెండు కాళ్లూ విల్లుల్లా వంగి, నుంచుంటే మధ్యలోంచి కోడిపెట్ట దూరిపోయేలా ఉండేవి. మా ఊళ్లో గుర్రంతో ఎవరికీ పనిలేదు. రెండేళ్ల పాటు ఆయన పొలంలో ఎడ్లకి హిందీలో హుకుములిచ్చారు. ఎడ్లు జాలిగా చూసేవి. అలాంటి రోజుల్లో, ధవళేశ్వరం దాటాక కాలవ పక్కన రెసిడెన్షియల్ స్కూలు పెట్టిన ఒక కరస్పాండెంట్ గారికి, తమ స్కూల్లో గుర్రపుస్వారీ కూడా నేర్పుతామని బోర్డు రాయించాలని బుద్ధి పుట్టింది. ఆయన ముందు బోర్డు రాయించి, తర్వాత ఎక్కడో పందేల్లో పరిగెత్తి అలిసిపోయిన అయిదు గుర్రాల్ని లారీల్లో దింపించి, ఆ తర్వాత మా పెదనాన్నని వెతికి పట్టుకున్నారు. స్కూలు వెనకాల క్వార్టర్సు ఇచ్చారు. పెదనాన్నకీ పెద్దమ్మకీ పిల్లల్లేరు. ఎనిమిదో క్లాసులో నన్ను తీసుకెళ్లి వాళ్ల దగ్గర పెట్టారు. చదువుకుంటానని పెట్టారు లెండి.

ఆ అయిదింట్లో ఒకటి ఆడగుర్రం. దాని పందెం పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. లేత పసుపు కలిసిన తెల్లటి ఒళ్లు చూసి మా పెద్దమ్మ "జున్నుముక్కలా ఉందే ఇది" అంది, అదే పేరై కూర్చుంది. జున్ను నాకు దొరికింది. తెల్లారుతూనే కాలవగట్టెక్కి, సరుగుడుతోట దాటి, వేసవిలో గోదావరి నీళ్లు తగ్గినప్పుడు లంకలోకి కూడా దిగేవాళ్లం. పెదనాన్న తన ముసలి గుర్రం మీద కొంతదూరం వచ్చి, "ఇక పో" అని చెయ్యి ఊపేవారు. అక్కణ్ణించి నేనూ జున్నూ. పంట బోదెలు దూకేవాళ్లం. పిల్లకాలవలు దూకేవాళ్లం. ఒక చోట గాలివానకి కూలిన తాటిమాను దారికడ్డంగా పడి ఉండేది, దాదాపు నా నడుమెత్తు. దాన్ని రోజూ దూకేవాళ్లం. ఒకసారి దూకిన ఊపులో ఎవరిదో వంగతోటలోకి వెళ్లిపోతే, ఆ ముసలాయన తలపాగా తీసి ఊపుతూ "ఓ అమ్మాయిగారూ! ఇది తోటండీ, రోడ్డు కాదండీ!" అని అరుస్తూ కాలవ దాకా మా వెనక పరిగెత్తాడు. పొద్దుటి మంచుకి తడిసిన ఇసక వాసన, జీను తోలు వాసన, గుర్రం చెమట వాసన కలిసి బట్టలకి పట్టేస్తే, క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కుకి రుమాలు కట్టుకునేది.

తాటిమానుకి కాలు తగిలితే మాను పడదు, మనమే పడతాం. నేను రెండుసార్లు పడ్డాను. ఒకసారి మోచెయ్యి బెణికి, పెద్దమ్మ వారం రోజులు ఆముదం రాసి కట్టు కట్టింది. అయినా ఆ మాను ముందు నాకెప్పుడూ గుండె దడ రాలేదు. భయపడ్డానికి వ్యవధి ఉండేది కాదు. జున్ను రెండు చెవులు, వాటి మధ్యలోంచి దగ్గరికొచ్చేస్తున్న అడ్డు, అంతే.

స్కూలు మైదానంలో సంగతి వేరు. అక్కడ ఎరుపూ తెలుపూ రంగులేసిన కర్రల్ని స్టాండ్ల మీద ఊరికే ఆనించి పెడతారు. గిట్ట తగిలితే చాలు, టంగుమని పడిపోతాయి. కర్ర పడితే నాలుగు తప్పులు. వరసగా పది అడ్డులు దూకాక ఎవరికి తప్పులు తక్కువో వాళ్లు గెలిచినట్టు. దీన్ని షో జంపింగ్ అంటారు. ఎత్తు చూస్తే తాటిమాను కన్నా తక్కువే. ఎవరికీ దెబ్బ తగలదు, ఏదీ విరగదు. ఆ కర్రలంటే మాత్రం నాకు చచ్చేంత భయం.

కర్రలంటే అన్నాను గాని, కర్రలేం చేశాయి పాపం. కంచె దగ్గర పెదనాన్న నుంచునేవారు. మొదటి కర్ర పడగానే, పెరేడు మైదానం ఆ చివరికి వినపడేలా అలవాటైన ఆ గొంతుతో "నాలుగు!" అనేవారు. ఇంకోటి పడితే "ఎనిమిది!" మూడోది పడితే "పన్నెండు!" తిట్టు కాదు, వెక్కిరింపు కాదు. ఉత్త అంకె. మగపిల్లల హాస్టలు కిటికీలు మైదానం వైపే ఉండేవి. కొన్నాళ్లకి కిటికీల్లోంచి వాళ్లు కూడా ఆయనతో గొంతు కలపడం మొదలెట్టారు. ఇంకొన్నాళ్లకి నా పేరే పన్నెండు అయిపోయింది. మెస్సులో పళ్లెం పట్టుకుని వెళితే "పన్నెండొచ్చింది, జరగండ్రా" అనేవాళ్లు. బుధవారం, శనివారం జంపింగ్ ఉండేది. ఆ రోజుల్లో పొద్దున్న ఇడ్లీ గొంతు దిగేది కాదు. దిగినా దాణా గది వెనకాల కక్కేసి, మూతి తుడుచుకుని గుర్రమెక్కేదాన్ని. ఎక్కాక కళ్లెం బిగించి పట్టేసేదాన్ని. నోట్లో ఇనుము లాగి పట్టి దూకమంటే జున్ను మాత్రం ఎలా దూకుతుంది? తల ఎగరేసి, అడ్డు ముందు ఆగిపోయేది. అది ఆగిపోతే మైదానమంతా నవ్వు. అలా రెండేళ్లు.

ఒకసారి పెద్దమ్మతో చెప్పాను, పెదనాన్నని అలా అరవద్దనమని. ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ, "ఆయనేం కోప్పడట్లేదు కదే, లెక్క చెబుతున్నారంతే. నీ మంచికే" అంది. నీ మంచికే అన్నవాళ్లందరి మీదా నాకిప్పటికీ కోపమే, పోయినవాళ్లతో సహా.

పదో క్లాసులో ఉండగా డిసెంబరులో మా స్కూల్లో పోటీలు పెట్టారు. బయటి నుంచి మరో మూడు స్కూళ్లవాళ్లు గుర్రాలతో వచ్చారు. మొదటి రోజు క్రాస్ కంట్రీ. కాలవగట్టు, మామిడితోట, రెండు బోదెలు, దుంగలు పేర్చిన అడ్డు, ఇవన్నీ దాటి రావాలి. నేనూ జున్నూ ఎక్కడా ఆగలేదు. అందరికంటే ముందు నేనున్నానని మైకులో చెప్పారు. ఆ సంతోషం భోజనాల వరకే. మర్నాడు షో జంపింగ్. షామియానా, సోఫాలు, ముఖ్య అతిథి, హాస్టలు కిటికీల నిండా తలకాయలు. పొద్దున్న దాణా గది వెనక్కి రెండుసార్లు వెళ్లొచ్చాను.

లోపలికి వెళ్లేముందు పక్కన ఒకే ఒక్క అడ్డు పెట్టి అలవాటు కోసం దూకిస్తారు. పెదనాన్న అక్కడే నుంచున్నారు. నేను కళ్లెం బిగించి పట్టేశాను. జున్ను వెనక కాలు తగిలి కర్ర పడింది. "నాలుగు!" అన్నారాయన. లోపల ఏదో తెగిపోయింది. గుర్రాన్ని తిప్పి తిన్నగా ఆయన మీదికి తీసుకెళ్లాను. ఆయన ఒకడుగు వెనక్కి వేశారు.

"ఇంకొక్కసారి అంకె వినపడిందంటే దిగిపోతాను పెదనాన్నా. మళ్లీ జన్మలో గుర్రమెక్కను" అన్నాను.

"లెక్క చెప్పకపోతే తప్పు ఎలా తెలుస్తుందే?" అన్నారు తెల్లబోయి.

"కర్ర పడితే నాకు వినపడుతుందండీ! నేనేమన్నా చెవిటిదాన్నా? నిన్న అన్ని దుంగలు దూకానే, ఒక్కసారైనా లెక్కపెట్టారా మీరు?"

ఆయన చేతిలోని బెత్తం వైపు చూసుకున్నారు. "నిన్న నేను చూళ్లేదమ్మా" అన్నారు.

"చూళ్లేదా?"

"ఎప్పుడూ చూళ్లేదు. దుంగ పడదు కదా, పడితే నువ్వే పడతావు. నువ్వు అడ్డుకి దగ్గరవుతున్నావంటే అటు తిరిగేసేవాణ్ణి. రెజిమెంటులో ఒక కుర్రాడు అలాగే పడి..." అని ఆగిపోయారు. "ఇక్కడైతే పడేది కర్రే. హమ్మయ్య, కర్రే పడింది అనిపించి, గట్టిగా అనేస్తాను."

ఈ మాటతో నా కళ్లు చెమర్చాయనీ, కోపం చల్లారిందనీ రాస్తే బాగుంటుంది గాని అబద్ధమవుతుంది. కోపం నెత్తికెక్కింది. ఆయన తన భయం దించుకోవడం కోసం అరిచిన అరుపుకి నేను రెండేళ్లు కక్కుకున్నాను, రెండేళ్లు పన్నెండునయ్యాను. ఈ ఒక్క ముక్క ముందే చెప్పడానికి ఏమొచ్చింది? "వెళ్లిపోండి ఇక్కణ్ణించి" అన్నాను. మా ఇంట్లో ఆయనతో అలా మాట్లాడినవాళ్లు అంతకుముందెవరూ లేరు. ఆయన నిజంగానే వెళ్లిపోయారు, ఆ వంకర కాళ్లతో, షామియానా వెనక నుంచి గుర్రాలశాల వైపు.

మైకులో నా పేరు పిలిచారు. లోపలికెళ్లాను. రెండో అడ్డు దగ్గరే కర్ర పడింది. అలవాటు కొద్దీ ఒళ్లంతా బిగుసుకుని, ఆ గొంతు కోసం ఎదురుచూసింది. ఏ గొంతూ లేదు. కర్ర గడ్డిలో దొర్లి ఆగిపోయింది. అంతే. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న చప్పుడుకా నేను చచ్చాను! కిటికీల్లోంచి ఎవడో "నాలుగు!" అన్నాడు. దానికేం బలం లేదు, కాకి అరిచినట్టుంది. నాకు కోపంతో పాటు నవ్వొచ్చింది. కళ్లెం వదులు చేశాను. జున్ను మెడ సాచి, లంకలో ఇసక మీద పరిగెత్తినట్టు పరిగెత్తింది. మూడు, నాలుగు, అయిదు, ఎలా దాటామో తెలీదు. దాని చెవులు తప్ప ఏమీ కనపడలేదు. చిట్టచివరిది ఒక్కటి మళ్లీ పడింది. పడితే పడింది. మొత్తం మీద మూడోస్థానం, ఒక స్టీలు టిఫిను డబ్బా. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మైదానంలో నేను కళ్లెం బిగించి పట్టలేదు, దాణా గది వెనక్కి వెళ్లాల్సిన పనీ పడలేదు. ధైర్యం వచ్చి పోగొట్టుకున్నానని చెప్పను ఆ భయాన్ని. ఒళ్లు మండి పోగొట్టుకున్నాను.

జున్నుని శాలలోకి తీసుకెళితే పెదనాన్న అక్కడ నీళ్ల తొట్టి పక్కన నుంచుని ఉన్నారు. మైకు మాట అంతదూరం సరిగ్గా వినపడదు. నన్ను చూసి, వినీ వినపడని గొంతుతో "ఎన్నమ్మా?" అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకప్పటిదాకా తెలీదు.

"మీకెందుకండీ" అన్నాను.

ఆయన నా చేతిలోంచి కళ్లెం అందుకున్నారు. జీను విప్పి, గుర్రం ఒళ్లు తుడిచి, నీళ్లు పెట్టారు.

పై ఏడాదికి కరస్పాండెంట్ గారికి గుర్రాల మీద మోజు తీరింది. మైదానంలో ఇంటర్ కోచింగుకి రేకుల షెడ్లు లేచాయి, బోర్డు మీది గుర్రాన్ని సున్నం వేసి చెరిపేశారు. జున్నుని ఎక్కడికి పంపారని కరస్పాండెంట్ గారిని అడిగితే "మంచి చోటికేనమ్మా" అన్నారు. ఆ మంచి చోటు పేరు ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. పెదనాన్న, పెద్దమ్మ ఊరికి తిరిగొచ్చేశారు.

ఆయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు. సెలవులకి వెళ్లినప్పుడల్లా అరుగు మీద కూర్చుని ధాన్యం ధరలు, ఆయన మోకాళ్ల నొప్పులు, నా ఉద్యోగం, అన్నీ మాట్లాడుకునేవాళ్లం. గుర్రాల మాట ఇద్దరం తీసేవాళ్లం కాదు. ఒకే ఒక్కసారి, ఆఖరి వేసవిలో అనుకుంటాను, ఆయన చాలాసేపు వీధి వైపు చూసి, "ఆ రోజు డిసెంబర్లో..." అని మొదలెట్టారు. నేను కాఫీ కలుపుతానని లేచి లోపలికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన కునుకుపాట్లు పడుతున్నారు, లేదా పడుతున్నట్టు కళ్లు మూసుకున్నారు.

ఎనిమిది. "ఎన్నమ్మా?" అన్న మనిషితో ఆ ఒక్క అంకె అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు పదకొండేళ్లు దొరికాయి, చాల్లేదు.