దాపట నిలబడిన లెక్కల సారు

మా లెక్కల సారు మొన్న మంగళవారం కాలం చేశారు. కబురు మోసుకొచ్చింది కొట్టం ఊడ్చే అవ్వ. "సారు వోయిండు కొడుకా, జనాబు తింటలేడు" అంది. రెండు కబుర్లూ ఒక్క ఊపిరిలోనే. మొదటిదానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. రెండోదాని గురించే ఈ నాలుగు మాటలు.

జనాబు అంటే ఎద్దు. కొట్టం అంటే బోధన్ పొలిమేరలో, చెరుకు బండ్లు వెళ్లే దారి పక్కన సారు నలుగురినీ బతిమాలి వేయించిన రేకుల కప్పు. బండి లాగలేక రైతులు వదిలేసిన ఎడ్లు, కన్ను పోయిన ఒక దున్న, ఎవరిదో తెలియని ఒక గాడిద అక్కడ ఉంటాయి. వాటికి ఊరికే సేవ చేసేవాళ్లం మేం నలుగురం. నేను నా అంతట నేను చేరలేదు. బీఏ పాసైన వారానికి హోటల్ ముందు చాయ్ తాగుతుంటే సారు సైకిల్ ఆపారు.

"పాసైనవంట?"

"అయిన సార్."

"పేడ ఎత్తుడు వస్తదా?"

"రాదు సార్."

"మరి ఏం చదివినవ్ రా ఎద్దూ? ఎక్కు సైకిలు."

బడిలో ఆయన మమ్మల్ని పిలిచిన పిలుపుల్లో ఎద్దు అన్నదే కాస్త మర్యాదైనది. అదే మనిషి కొట్టంలో అసలు ఎడ్లను "జర జరగండయ్యా" అని వేడుకునేవారు. ఈ అన్యాయం గురించి ఒకసారి అడిగేశాను.

"వాళ్లు పన్జేసి వచ్చిండ్రు. నువ్వేం జేసి వచ్చినవ్?" అన్నారు.

ఇంకోసారి పేడ తట్ట నెత్తిన పెడుతూ, "భాగహారంల చివరికి శేషం మిగుల్తది గదా. వీళ్లంత గదే. శేషం రాయకుంటె లెక్క తప్పు రా" అన్నారు. నాకు లెక్క అర్థమైంది గానీ తట్ట బరువు తగ్గలేదు.

జనాబును వర్ని ఊరి రైతు ఒకాయన జోడుతో సహా తోలుకొచ్చాడు. జనాబు బతుకంతా కాడికి కుడివైపున, వలపట నడిచింది. ఎడమవైపున, దాపట, దాని జోడు. తొలకరికి ఆ దాపటిది చచ్చిపోయింది. జనాబు గడ్డి ముట్టడం మానేసింది. కబురు పెడితే రైతు వచ్చి చూశాడు. "పక్కన మనిషి తీర్గ అది ఉండేది సారూ. ఇది ఒక్కటే ఎన్నడు తినలే" అని కళ్లు తుడుచుకున్నాడు.

సారు చొక్కా చేతులు మడిచి, వెళ్లి దాపట నిలబడ్డారు. ఊరికే నిలబడటం ఆయనకు చేతకాదు కనుక ఎక్కం అందుకున్నారు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. మాకు తెలుగులో చెప్పినా, మనసులో లెక్క ఉర్దూలోనే కట్టేవారు. తేరా ఏకం తేరా, తేరా దూనీ ఛబ్బీస్. పదమూడో ఎక్కం పదిసార్లు అయ్యేసరికి మోపు గడ్డి అయిపోయింది. ఆ రోజు నుంచి రెండేళ్లు, పూటపూటకీ అంతే.

మరి సారు పోయేనాటికి జ్వరంతో మంచం పట్టి నాలుగు రోజులు. ఎద్దు తినకా నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ కొట్టం చూసుకున్నది అవ్వ ఒక్కతే. కూలబడితే ఇక లేవదని పశువుల డాక్టరు చెప్పాడు.

సారును సాగనంపి మేం నలుగురం తిన్నగా కొట్టానికే వెళ్లాం. తెలగపిండి పెట్టాం, బెల్లం పెట్టాం, లేత చెరుకు ఆకు పెట్టాం. వంతులవారీగా దాపట నిలబడ్డాం. జనాబు డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ముందు కాళ్లు వణుకుతున్నాయి.

"మూగోళ్ల లెక్క నిలవడితె ఎట్ల? సారు ఊకుంటుండెనా?" అని అవ్వ కసిరింది.

పదమూడో ఎక్కం తెలుగులో చదివాను. చెవి కూడా కదల్లేదు. పాపం, ఉర్దూ మీడియం. ఇక తప్పక గొంతు బొంగురు చేసుకుని, రెండేళ్లుగా విన్న రాగంలోనే "తేరా ఏకం తేరా" అన్నాను. చెవి ఇటు తిరిగింది. "తేరా దూనీ ఛబ్బీస్." మూతి గడ్డి మీద పడింది.

రోడ్డు మీద చెరుకు బండి ఆగింది. "ఏమే తమ్మీ, నిన్నెప్పుడు కట్టిండ్రు కాడికి?" అని బండివాడు అరిచాడు.

"ఇయ్యాల్నే అన్న" అన్నాను.

తేరా ఛక్కే దాకా బాగానే నడిచింది. తేరా సత్తే, అంటే పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయాను. బడిలోనూ ఎప్పుడూ అక్కడే ఆగి బెంచీ ఎక్కేవాణ్ణి. జనాబు నమలడం ఆపింది. పెదవికి గడ్డి వేలాడుతుండగా మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. సారు సరిగ్గా అలాగే చూసేవారు.

"తొంభై ఒకటి సార్" అన్నాను, తెలుగులోనే.

కాసేపు ఆలోచించింది. వేలాడుతున్న గడ్డిని లోపలికి లాక్కుంది. నేను తేరా అట్ఠే అందుకున్నాను. నమిలే దవడ చప్పుడు పక్కనే వినిపిస్తోంది. కాసేపటికి, అప్పటిదాకా తన కాళ్ల మీదే నిలబడ్డ ఆ ముసలి బరువు మెల్లగా వాలి, నా కుడి భుజాన్ని ఆనుకుంది.