కాజాల కొలతకు కత్తిరించిన పాఠాలు

ఎనభైల చివర్లో నేను మహబూబ్‌నగర్‌లో లెక్చరర్‌గా ఉండేవాణ్ని. ఆదివారాలు మా కాలేజీలోనే దూరవిద్య కేంద్రం నడిచేది. బడి మధ్యలో మానేసినవాళ్లు కూడా ఒక ప్రవేశపరీక్ష పాసైతే నేరుగా డిగ్రీలో చేరవచ్చు. ఆ పరీక్షకు తయారయ్యేవాళ్ల కోసం క్యాసెట్ పాఠాలు చేసే పని నాకు అప్పగించారు. నా గొంతు బాగుంటుందని కాదు, నా దగ్గర టేప్ రికార్డరు ఉందని.

నల్లగొండ నుంచి బదిలీ మీద వస్తూ తెచ్చుకున్న ఆ టేప్ రికార్డరు ముందు కూర్చుని, తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు తుడుచుకుంటూ పాఠాలు చదివాను. క్యాసెట్టుకు ఒక వైపు ఒక పాఠం, అరగంట. మొదట నమస్కారం, తరువాత గత పాఠం సమీక్ష, ఆపైన ఈ పాఠం ఉద్దేశాలు. అసలు విషయానికి వచ్చేసరికి నాకే దాహం వేసేది. దూరవిద్య అంటే విద్యను వీలైనంత దూరంలో పెట్టడమని నేను అనుకున్నట్టున్నాను.

ఆదివారం తరగతులకు కోస్గి నుంచి ఒకామె వచ్చేది. ముప్పై దాటని ముస్లిం గృహిణి. ఏడో తరగతితో చదువు ఆగింది, ఇంట్లో జాకెట్లు కుట్టేది. అప్పటికి ఒకసారి పరీక్ష తప్పింది.

"గీ ఒక్కసారికే ఒప్పుకున్నది సార్ మా అత్త. గిది గూడ పోతే, ఇగ ఆదివారం బస్సెక్కుడు బంద్," అంది.

పరీక్షకు ఇంకా మూడు నెలలుంది. పంచాయతీ పాఠంలో నాలుగు ప్రశ్నలు అడిగాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

"క్యాసెట్ విన్నారా?"

"కసమ్ సార్, రోజూ విన్న. మీ నమస్కారం, మీ ఉద్దేశాలు అన్నీ నోటికొచ్చినయి. చెప్పాల్నా?"

చెప్పింది. నా సాగదీతతో సహా చెప్పింది. మధ్యలో నేను దగ్గిన చోట తనూ దగ్గింది. వెనక బెంచీలో ఒక పోస్ట్‌మ్యాన్ చదువుకునేవాడు. "దగ్గు గూడ పరీక్షల అడుగుతరా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

సంగతేమిటంటే, ఆమెకు పాఠం వినే తీరిక కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడే దొరికేది. "టేపు మీట నొక్కి, మీ ఉద్దేశాలు అయ్యేదాంక గుడ్డ సదురుకొని, ఇగ మిషను తొక్కుడు షురూ జేస్త. ఆ సప్పుడుల మీరేం జెప్తున్నరో ఎట్ల వినొస్తది? దారం తెగినప్పుడు మల్ల మీరు వినవడ్తరు." అంటే నా పాఠంలో దారం తెగిన ముక్కలే ఆమెకు చేరాయి.

ఉపాధ్యాయులకుండే సహజమైన తెలివితో, మిషను ఆపి వినమని సలహా ఇచ్చాను.

"మిషను ఆపితే మా అత్త మిమ్ముల ఆపుతది సార్."

చేతులకు పని ఉండి, చెవులు ఖాళీగా ఉండే వేళే లేదా అని అడిగాను. "కాజాలు తీసేటప్పుడు. గది చేతికుట్టే గద, సప్పుడుండది."

కాజా అంటే అప్పటికి నాకు మిఠాయి దుకాణంలోది మాత్రమే తెలుసు. ఆమె సంచిలోంచి జాకెట్టు తీసి, హుక్కు పట్టుకోవడానికి దారంతో కుట్టే చిన్న ఉచ్చును చూపించింది. అక్కడే ఒకటి కుట్టింది. నేను గడియారం చూశాను. మూడు నిమిషాలు. అయిపోగానే దారం పంటితో తెంపి, ఊపిరి పీల్చుకుని, తలెత్తింది. ప్రశ్న అడగాల్సింది అప్పుడే అని నాకు తోచింది.

జాకెట్టుకు అయిదు కాజాలు. అందుకని పాఠాన్ని అయిదు ముక్కలు చేశాను. ముక్కకు ఒకే సంగతి, చివర ఒకే ప్రశ్న, దారం తెంపుకునేంత నిశ్శబ్దం, ఆ తరువాత జవాబు. సమీక్షా, ఉద్దేశాలూ సులువుగానే పోయాయి. నమస్కారం తీసేయడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. అరగంట పాఠం పావుగంటలో సరిపోయింది. మిగతా పావుగంటలో ఇన్నాళ్లూ ఏం చెప్పానో ఇప్పటికీ తెలియదు.

కొత్త క్యాసెట్టు పట్టుకుపోయి, ఆ తరువాతి ఆదివారం తిరిగి తెచ్చింది. "మూడో కాజాల రెండు ముచ్చట్లు జొప్పించిన్రు సార్. కుట్టు వంకర వోయింది."

దాన్ని మళ్లీ చదివి రికార్డు చేశాను. అట్లా ఒక్కో పాఠం ఆమె చేతిలో ఒకటి రెండుసార్లు తిప్పలు పడి గానీ కుదురుకోలేదు. పరీక్ష నాటికి పంచాయతీ గురించి ఆమె నాకంటే పొట్టిగా, స్పష్టంగా చెప్పేది.

ఫలితాలు కేంద్రం గోడకు అంటించిన రోజు, వెంట తన ఆడబిడ్డను తీసుకుని వచ్చింది. గోడ దగ్గరికి మాత్రం రాలేదు.

"మీరే చూడుండ్రి సార్. నాకు కండ్లు తిరుగుతున్నయి."

చూశాను. నంబరు ఉంది.

"జర మల్లొకసారి."

మళ్లీ చూశాను. ఉంది. ఆడబిడ్డ ముందుకొచ్చి కాగితం మీద వేలు పెట్టి, "భాబీ, ఇది నీ నంబరే," అంది. అప్పుడు గానీ ఆమె నమ్మలేదు. డిగ్రీ దరఖాస్తు అడిగి తీసుకుని, నిలబడే నింపింది. తొందరలో ఒకచోట కొట్టివేత పడింది.

"ఇంకో ఫారం ఇయ్యుండ్రి సార్, ప్రవేశపరీక్షది."

"ఎవరికి?"

"గీమెకే. పక్క అర్రల కూసోని అన్ని పాఠాలు విన్నది. నేను తప్పు జెప్తే గోడ అవతల నుంచే దిద్దేది."

ఆడబిడ్డ నవ్వలేదు. "పంచాయతీ పాఠంల ఒక తప్పున్నది సార్," అంది నా వంక చూసి.

నేను ఫారం ఆమె చేతికిచ్చి, ఆ తప్పేమిటో రాసుకోవడానికి కలం వెతుక్కున్నాను.